మలబారు నీటిమొక్కల చరిత్రము

తామరను, కలువను జూచినప్పుడు అవి రెండును మనకు అప్పచెల్లెండ్రవలె దోచును. అమరసింహుడు వానికి వేర్వేరు పేళ్లు చెప్పినను, తక్కిన యోషధులతో జేర్పక, నీటితోపాటు వారివర్గముననే కూర్చెను. స్వీడనుదేశీయుడగు లిన్నేయసు 1753లో కేసరముల సంఖ్యనుబట్టి మొక్కలను విభజించి, రెంటిని ఒక్క ప్రజాతిగానే యెంచెను. ఒకరు మొక్క పుట్టుచోటును, ఒకరు పువ్వును బట్టి చేసిన యీ విభాగము లెంతవఱకు నిలిచినవో తెలియుటకు మలబారుతీరపు చరిత్రమును జూడవలెను.

కొండలకును సముద్రమునకును నడుమనున్న యా సన్ననితీరమున, వర్షకాలమందు ఏళ్లు పొంగి 'కాయల్' అనబడు వెనుకజలములను తీయనీటితో నింపును. వేసవిని సముద్రపుటుప్పు వానిలోనికి జొచ్చును. కావున ఉప్పు సోకుచోట మడచెట్లును, సోకని కొలకులందు తామరయు, కలువయు బెరుగును.

అచటి డచ్చి యధికారియగు వాన్ రీడె యా దేశపు మొక్కలను వర్ణింపించెను. 'హోర్టస్ మలబారికస్' అను నా గ్రంథము 1678 మొదలు 1693 వఱకు ఆమ్‌స్టర్‌డామున పండ్రెండు సంపుటములుగా వెలువడెను. పదునొకండవ సంపుటమున తామర, ఆంబల్ అనబడు కలువ, నెయ్దలాంబల్ మున్నగు నీటిమొక్కల పటములు గలవు. ఆ గ్రంథమునకు మొక్కల పేళ్లను, గుణములను దెలిపినవారిలో ముఖ్యుడు 'ఇట్టి అచ్చుదన్' అను ఈళవ వైద్యుడు. వేంబనాటి కాయలునకును సముద్రమునకును నడుమ నాతని నివాసము. 1675లో నాత డిచ్చిన వాఙ్మూలము, ముగ్గురు కొంకణి బ్రాహ్మణుల లేఖతోపాటు, మొదటి సంపుటమున నచ్చుపడినది.

ఆ దేశపు వాడుకలో తామర వేఱు, ఆంబల్ వేఱు. ముదిరిన తామరాకు చీలిక లేక నీటిపైకి లేచి నిలుచును. కలువాకు చీలికతో నీటిమీద దేలును. ఫ్రెంచిపండితుడు అడాన్‌సన్ 1763లో తామరను వేఱు ప్రజాతిగా జేసెను. నేటి జన్యుపరీక్షలనుబట్టి తామరకు దగ్గఱి చుట్టము కలువ గాదు, కాశ్మీరపు చినారువృక్షము! అయినను వాడుక యంతయు నిర్దోషమనరాదు. నెయ్దలాంబలునకు ఆకు పోలికచే ఆంబల్ పేరు వచ్చినది. పువ్వును బరీక్షించి దానిని కలువలనుండి వేఱు చేసినవాడు లిన్నేయసే. ఒకరి తప్పును వేఱొకరు దిద్దుటచేతనే శాస్త్రము పెరిగినది.

ఇంతటి విద్య నొసగిన యా వైద్యుని కులమువారికి దేవాలయ ప్రవేశము లేకుండెను. గుడిచుట్టునున్న బాటలకొఱకే 1924లో వైకోమున సత్యాగ్రహము చేయవలసివచ్చెను. తిరువాన్కూరున ఆలయద్వారములు తెఱువబడినది 1936లో. అనగా ఆ గ్రంథపు తొలిసంపుటము వెలువడిన 258 ఏండ్లకు. విద్యను గ్రహించి విద్యావంతుని దూరముంచుట మన దేశపు పాతరోగము. మన బిడ్డలకు మొక్కల పేళ్లు నేర్పునపుడు, చెఱువులో దిగి కలుపు దీయువానిని గూడ గురువుగా నెంచి యడుగుట నేర్పుదము.