డెంగ్యూ రక్తస్రావ జ్వరం: మనీలా నుంచి ఢిల్లీ దాకా



గత ఏడాది అశోక్‌నగర్‌లో మా రూమ్‌మేట్‌కి డెంగ్యూ వచ్చింది. నాలుగు రోజులు కాచిన జ్వరం ఐదో రోజు పొద్దున దిగిపోయింది. "తగ్గిపోయింది అన్నా, ఆదివారం టెస్ట్ రాసేస్తా" అన్నాడు. సాయంత్రానికి చేతులు చల్లబడ్డాయి, కడుపునొప్పి, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్లాక మేమందరం అడిగింది ఒక్కటే: "ప్లేట్‌లెట్లు ఎన్ని సార్?" డాక్టర్ గారు మాత్రం ముందు పీసీవీ, అంటే హెమటోక్రిట్ చూశారు. ఆ తేడా ఎందుకో తెలియాలంటే ఈ వ్యాధి చరిత్ర తెలియాలి.

1. పాత జ్వరం, కొత్త రూపం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కలకత్తాలో ఉన్న అమెరికా సైనికుల రక్తం నుంచి డెంగ్యూ వైరస్‌ను వేరు చేశారు. అప్పటికి అది ఒళ్లు విరిచేసే జ్వరమే తప్ప ప్రాణాంతకం అని ఎవరూ పెద్దగా భయపడలేదు. 1953-54లో మనీలాలో పరిస్థితి మారింది. పిల్లలకు జ్వరంతో పాటు రక్తస్రావం, షాక్ కనిపించాయి. 1958లో బ్యాంకాక్‌లోనూ అదే. 1963లో అది కలకత్తా చేరింది. అదే సమయంలో అక్కడ చికున్‌గున్యా కూడా బయటపడింది.

2. రెండోసారి ఎందుకు ప్రమాదం?

డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. 1960లలో బ్యాంకాక్‌లో పనిచేసిన స్కాట్ హాల్‌స్టెడ్ ఒక విచిత్రం గమనించారు. తీవ్రమైన జబ్బు ఎక్కువగా రెండోసారి, వేరే రకం సోకిన పిల్లలకు వస్తోంది. మొదటిసారి తయారైన యాంటీబాడీలు కొత్త రకాన్ని పూర్తిగా అడ్డుకోలేవు. పైగా దాన్ని అంటిపెట్టుకుని రోగనిరోధక కణాల్లోకి దారి చూపిస్తాయి. కాపలాదారే తలుపు తీసినట్టు!

3. రక్తనాళంలో ఏం జరుగుతుంది?

ఇది జాగ్రత్తగా చదవండి. రక్తనాళాల లోపలి గోడ మీద ఒకే వరుసలో పరుచుకున్న కణాలను ఎండోథీలియం అంటారు. వాటి మీద చక్కెర అణువులతో కూడిన పలుచని పూత ఉంటుంది, అదే గ్లైకోకాలిక్స్. నీరు, ప్రోటీన్లు ఎంత బయటకు పోవాలో ఈ రెండూ నియంత్రిస్తాయి.

డెంగ్యూలో ఈ కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోవు. నేను మెకానికల్ చదివాను కాబట్టి ఇలా అర్థం చేసుకున్నాను: పైపు పగల్లేదు, జాయింట్లు వదులయ్యాయి. వదులు చేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి, రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు. రెండు, వైరస్ రక్తంలోకి విడుదల చేసే ఎన్‌ఎస్1 ప్రోటీన్. ఇది ఆ చక్కెర పూతను దెబ్బతీస్తుందని 2015 తర్వాత వచ్చిన పరిశోధనలు చూపించాయి. మనం టెస్టులో వెతికే ఎన్‌ఎస్1 ఇదే.

ఫలితంగా ప్లాస్మా ఛాతీలోకి, పొట్టలోకి కారిపోతుంది. నాళంలో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, అందుకే పీసీవీ పెరుగుతుంది. బీపీ పడిపోతుంది. ఇదంతా సాధారణంగా జ్వరం దిగే సమయంలోనే మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. ఆ తర్వాత కారిన ద్రవం తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ ఎక్కిస్తూనే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే.

బ్యాంకాక్ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ సుచిత్ర నిమ్మన్నిత్య ఈ లెక్కనే పద్ధతిగా మార్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975 మార్గదర్శకాలకు ఆ అనుభవమే పునాది. కొత్త మందు ఏదీ లేకుండానే, సరైన సమయంలో సరైన కొలతలో ద్రవం ఇవ్వడంతో మరణాలు బాగా తగ్గాయి.

4. దక్షిణాసియా పాఠం

1996లో ఢిల్లీలో 10 వేలకు పైగా కేసులు, 400కు పైగా మరణాలు నమోదయ్యాయి. 2000లో ఢాకా, 2017లో శ్రీలంక. 2023లో బంగ్లాదేశ్‌లో 1,700 మందికి పైగా చనిపోయారు. ప్రణాళిక లేని పట్టణీకరణ, నిల్వ నీరు, ఏడిస్ ఈజిప్టై దోమ అన్నిచోట్లా ఉన్నాయి. నాలుగు రకాలూ తిరుగుతున్న నగరంలో రెండోసారి సోకే అవకాశం ఎక్కువ. కాబట్టి దీన్ని దోమల సమస్యగా మాత్రమే రాయకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పీసీవీ చూడగలిగే ఏర్పాటు, షాక్‌ను ముందే పసిగట్టే నర్సు కూడా సమాధానంలో ఉండాలి.

గుర్తుంచుకోండి: తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే జ్వరం లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. బొప్పాయి ఆకు రసం కోసం తిరుగుతూ ఆ గంటలు పోగొట్టుకోవద్దు.

మా రూమ్‌మేట్ ఆ ఆదివారం టెస్ట్ రాయలేదు. ప్రిలిమ్స్ మాత్రం రాశాడు.

సాధన ప్రశ్న: "డెంగ్యూ మరణాలు వైద్య వైఫల్యం కంటే పాలనా వైఫల్యాన్నే ఎక్కువగా సూచిస్తాయి." దక్షిణాసియా నగరాల అనుభవంతో చర్చించండి. (250 పదాలు)