సముద్రంలో పడినవారి జాడ తెలిపే పరికరాలు: కృష్ణా తీరం

మచిలీపట్నం గిలకలదిండి రేవు నుంచి, దివిసీమలోని నాగాయలంక, కోడూరు మండలాల నుంచి సముద్రం మీద వేటకు వెళ్లేవారికి తెరచాపల కాలంలో ఆపద సంకేతమంటే కేక, పైకెత్తి ఊపే గుడ్డ. తోటి పడవ కంటపడితేనే ప్రాణం దక్కేది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకున్నాక తుపాను హెచ్చరికల మీద శ్రద్ధ పెరిగింది. 2004లో మచిలీపట్నానికి డాప్లర్ రాడార్ వచ్చింది. అది తుపానును పసిగడుతుంది గాని, నడిసముద్రంలో ఇంజను ఆగిన పడవను వెతికిపెట్టదు.

ఆ పని ఉపగ్రహాల వల్ల అయింది. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ 1979లో చేతులు కలిపి మొదలుపెట్టిన, ఉపగ్రహాలతో ఆపద సంకేతాలను పట్టే కాస్పాస్-సార్సాట్ వ్యవస్థ 1982లో తొలిసారి ప్రాణాలు కాపాడింది. మన వేట పడవల కోసం ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరం డాట్ 2010లో వాడుకలోకి వచ్చింది. మీట నొక్కితే పడవ గుర్తింపు, ఉన్న చోటు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డుకు చేరతాయి. అయితే కబురు అందిందో లేదో పడవలోవాళ్లకు తెలిసేది కాదు. నడిసంద్రంలో అది చిన్న బెంగ కాదు. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం డాట్‌లో అందినట్టు జవాబు తిరిగి వస్తుంది. అదే ఏడాది ఆగస్టు 30న లక్ష వేట పడవలకు వాటి జాడ తెలిపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలైంది.

డాట్, ట్రాన్స్‌పాండర్లు పడవ జాడ చెప్పేవే. రాత్రిపూట వల లాగుతూ అంచు మీంచి జారిపడిన మనిషి సంగతి వేరు. జీపీఎస్‌లో ఎంఓబీ (మనిషి నీళ్లలో పడ్డాడు) మీట నొక్కితే, నొక్కిన చోటు మాత్రమే గుర్తుంటుంది. ఈలోగా పడినవాణ్ణి నీటి వాలు ఎటో లాక్కుపోతుంది. లైఫ్ జాకెట్‌కు తగిలించే ఏఐఎస్ (పడవలు ఒకదానికొకటి తమ స్థానం తెలుపుకునే రేడియో వ్యవస్థ) బీకన్ అతను కొట్టుకుపోతున్నకొద్దీ కొత్త స్థానాన్ని దగ్గర్లోని పడవల తెర మీద చూపుతూనే ఉంటుంది. దాని గుర్తింపు సంఖ్య 972తో మొదలవుతుంది. నీటిమట్టం నుంచి సంకేతం కొద్ది మైళ్లే పోతుంది, పడవలో ఏఐఎస్ రిసీవరు లేకపోతే తెలిసే దారే లేదు. మనిషి వెంట ఉంచుకునే మరో బీకన్ పీఎల్‌బీ 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికే సంకేతమిస్తుంది, కనీసం 24 గంటలు పనిచేస్తుంది. సాయం మాత్రం దూరం నుంచి రావాలి.

పడినవాణ్ణి ముందుగా అందుకోగలిగేది అతని పడవే. కనుక తెరచాప పడవకైనా ఫైబర్ బోటుకైనా, తోడు మనుషులు, రిసీవరు ఉన్నప్పుడు ఏఐఎస్ బీకనే మేలు. ఒంటరిగా వెళ్లేవారికి పీఎల్‌బీ కావాలి. కొన్న పీఎల్‌బీని ఇస్రో కేంద్రంలో నమోదు చేయించుకోవాలి. సముద్ర ఆపదలకు కోస్ట్ గార్డు ఉచిత ఫోన్ నంబరు 1554.