ఆటోమేటిక్ పూల్ క్లీనర్: ఇంటి దగ్గరి మరమ్మతు, పునరుద్ధరణ

ఈతకొలను అడుగునా గోడల మీదా తనంతట తాను తిరుగుతూ ఆకులు, ఇసుక, నాచు పొడి ఏరివేసే యంత్రాన్ని ఆటోమేటిక్ పూల్ క్లీనర్ అంటారు. రోజూ క్లోరిన్ నీళ్ళలో, ఎండలో ఉంటుంది కాబట్టి దీని రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు కొన్నేళ్ళకు అరిగిపోక తప్పదు. అరిగే భాగాలు విడిగా దొరుకుతాయి, చాలావరకు మామూలు స్క్రూడ్రైవర్‌తోనే ఊడివస్తాయి. అందుకే పెరట్లో కొలను ఉండటం సాధారణమైన అమెరికా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా దేశాల్లో ఇంటివాళ్ళే దీన్ని విప్పి బాగుచేసుకుంటారు. పనిచేయడం లేదని మూలన పడేసిన క్లీనర్లలో చాలావాటికి అసలు లోపం యంత్రంలో ఉండదు, దానికి నీరు చేరే దారిలో ఉంటుంది. ఇంట్లో మరమ్మతుకు పూనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

రకాలు

కొలను ఫిల్టర్ పంపు లాగే నీటి బలంతో నడిచేవి సక్షన్ క్లీనర్లు. వీటిలో పేరుమోసిన క్రీపీ క్రాలీని దక్షిణాఫ్రికాలోని స్ప్రింగ్స్ పట్టణంలో ఫెర్డినాండ్ షోవియే అనే హైడ్రాలిక్ ఇంజనీరు 1974లో తయారుచేశాడు. పంపు తోసే నీటి బలంతో నడిచేవి ప్రెషర్ క్లీనర్లు. సొంత మోటారుతో కరెంటు మీద నడిచేవి రోబో క్లీనర్లు. మొదటి రెండు రకాల్లో కరెంటు తీగ ఏదీ నీళ్ళలోకి దిగదు కాబట్టి, కాస్త చేతిపని వచ్చినవారు వాటిని ధైర్యంగా విప్పవచ్చు.

ప్రెషర్ రకం: పోలారిస్ 280

ఇంటి మరమ్మతుకు బాగా లొంగే యంత్రం పోలారిస్ 280. మూడు చక్రాలు, వీపున గుడ్డ సంచి, వెనక పొడవాటి తోక ఉంటాయి. దీనికి ఫిల్టర్ పంపుతోపాటు ముప్పావు హార్స్‌పవర్ బూస్టర్ పంపు విడిగా కావాలి. బూస్టర్ తోసిన నీరు గోడలోని కనెక్షన్ నుంచి, నీటిపై తేలే గొట్టం గుండా యంత్రంలోకి వచ్చి పాయలుగా చీలుతుంది. ఒక పాయ టర్బైన్‌ను తిప్పితే ఆ తిరుగుడు చక్రాలకు అందుతుంది. మరో పాయ రెండు జెట్‌ల గుండా సంచి నోటి వైపు పైకి చిమ్ముతుంది. ఆ చిమ్ముడు వల్ల కింద పీడనం తగ్గి, అడుగున ఉన్న చెత్త నీటితోపాటు సంచిలోకి ఎగబాకుతుంది. ఇంకొంత నీరు తోక చివర చిమ్ముతూ దాన్ని అటూ ఇటూ ఊపి సన్నటి మట్టిని లేపుతుంది. మిగిలింది వెనక ఉన్న థ్రస్ట్ జెట్‌లోంచి వెళ్ళి యంత్రాన్ని ముందుకు నెడుతుంది. ఇన్ని పనులూ ఒకే గొట్టం నీటితో జరగాలి కాబట్టి ఎక్కడ కారినా అన్నీ నీరసిస్తాయి.

అందుచేత విప్పకముందే చక్రం వేగం లెక్కపెట్టాలి. ఒక చక్రం మీద చెరగని సిరాతో గీత పెట్టి, బూస్టర్ నడుస్తుండగా యంత్రాన్ని నీటి ఉపరితలం కిందనే తిరగేసి పట్టుకుని, గీత నిమిషంలో ఎన్నిసార్లు తిరిగి వస్తుందో చూడాలి. 28 నుంచి 32 చుట్లు తిరిగితే నీటి సరఫరా సరిగా ఉన్నట్టు. అప్పటికీ యంత్రం కదలకపోతేనో, గోడ ఎక్కలేకపోతేనో టైర్లను అనుమానించాలి. 28 కంటే తక్కువ తిరిగితే యంత్రాన్ని పక్కన పెట్టి, నీటి దారిని గోడ నుంచి వెతుక్కుంటూ రావాలి. గోడ కనెక్షన్‌లో ఒక జాలి, గొట్టం మధ్యలో మరో జాలి ఉంటాయి. పైపులో మిగిలిన పీవీసీ తురుము, ఇసుక గింజలు, ఫిల్టర్‌లోంచి జారిన పొడి వీటిలో చిక్కుకుంటాయి. ఈ రెండు జాలీలు కడిగితేనే తిరిగి లేచిన క్లీనర్లు ఎన్నో. ఆ తర్వాత గొట్టం చీలికలు, మెలిక పడకుండా తిరిగే స్వివెల్ కీళ్ళు, తోక చూడాలి. స్వివెల్ బేరింగు అరిగితే అక్కడ నీరు చిమ్మడం కంటికే కనిపిస్తుంది. తోక మాత్రం నేలకు రాసుకుని రాసుకుని సన్నటి చిల్లులు పడుతుంది, యంత్రం నీటి అడుగున ఉండగా అవి కనిపించవు. తోక మీద తొడిగిన అరుగుడు రింగులు, చివరి స్పాంజి ఎప్పటికప్పుడు మారుస్తుంటే గొట్టం దెబ్బతినదు.

32 దాటి తిరగడమూ మంచిది కాదు. యంత్రం నేలను వదిలి తేలుతుంది, భాగాలు త్వరగా అరుగుతాయి. గోడ కనెక్షన్ దగ్గరి ప్రెషర్ రిలీఫ్ వాల్వును కొద్దికొద్దిగా వదులు చేస్తే మిగులు నీరు కొలనులోకే పోతుంది. ఇంకా తగ్గాలంటే ఆ కనెక్షన్ లోపల బిగించే చిన్న అడ్డు బిళ్ళలు ఉన్నాయి.

యంత్రం ఏ మూలో ఇరుక్కుని బయటపడలేకపోతుంటే బ్యాకప్ వాల్వును చూడాలి. గొట్టం మధ్యలో గుండ్రంగా ఉండే ఈ వాల్వు సుమారు మూడున్నర నిమిషాలకొకసారి నీటిని దారి మళ్ళించి, అర నిమిషం పాటు యంత్రాన్ని వెనక్కి లాగుతుంది. లోపల నీటితో తిరిగే పళ్ళ చక్రాల అమరిక ఉంటుంది. వాచీ పట్టుకుని చూసినా వెనక్కి లాగడం జరగకపోతే ఆ అమరికను మొత్తంగా మార్చడమే మేలు. అందులోని చిన్న పళ్ళ చక్రాలను విడదీసి అతికించాలని చూడటం వృథా ప్రయాస.

చక్రాలు, బేరింగులు, టైర్లు

నీటి సరఫరా సరిపోయాకే పునరుద్ధరణ మొదలు. చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని పక్కకు ఊపితే లటలటలాడటం, తిప్పితే కరకరమనడం బేరింగు పోయిందనడానికి గుర్తు. నడిమి ప్లాస్టిక్ స్క్రూ తీస్తే చక్రం ఊడి వస్తుంది, బేరింగు గూడులోంచి తడి ఇసుక రాలుతుంది. ఆ గూడును పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, కొత్త బేరింగును బొటనవేళ్ళతో సమంగా నొక్కాలి. సుత్తితో కొట్టకూడదు. స్క్రూ ప్లాస్టిక్‌దే కాబట్టి చేతికి ఆగేంతవరకే బిగించాలి. మర కోసుకుపోతే ఇరుసు ఉన్న భాగాన్నే మార్చవలసి వస్తుంది.

టైరు మీది గట్లు నున్నబడితే యంత్రం జారుతుంది. కొత్త టైరు బిగుతుగా ఉండి చక్రానికి ఎక్కదు. వేడినీళ్ళలో కాసేపు నానబెడితే మెత్తబడి ఎక్కుతుంది. మూడూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తదీ రెండు పాతవీ అయితే యంత్రం ఒక పక్కకే తిరుగుతుంది. టైర్లు, బేరింగులు, సంచి, స్క్రూలు కలిపి కిట్‌గా అమ్ముతారు. అరుగుదల అంతటా సమంగా ఉన్నప్పుడే కిట్ కొనడం లాభం. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. బండికి వాడే పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

పరీక్షించేటప్పుడు ఫిల్టర్ పంపు నీరు తోడుతూ నిలదొక్కుకున్నాకే బూస్టర్ వేయాలి, ఆపేటప్పుడు ముందు బూస్టర్ ఆపాలి. నీళ్ళు లేకుండా తిరిగితే బూస్టర్ సీలు కాలిపోతుంది.

సక్షన్ రకం: బారకూడా జీ3

జోడియాక్ సంస్థ బారకూడా జీ3లో చక్రాలు, గేర్లు లేవు. లోపల కదిలే భాగం ఒక్కటే, మెత్తని రబ్బరు లాంటి డయాఫ్రమ్. పంపు లాగుతున్నప్పుడు అది ముడుచుకుంటూ తెరుచుకుంటూ గొట్టంలో టకటకమనే అదురు పుట్టిస్తుంది, ఆ అదురుకే యంత్రం జరుగుతుంది. అదురు ఆగితే ముందు గొంతులో గులకరాయో కొమ్మ ముక్కో ఇరుక్కుందేమో చూడాలి. ఏమీ లేకపోతే డయాఫ్రమ్ బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి, దాని పెదవుల్లాంటి అంచులను వేళ్ళతో విడదీయాలి. జుట్టుపోగంత చీలిక ఉన్నా అప్పుడు కనిపిస్తుంది, ఆ డయాఫ్రమ్ ఇక పనికిరాదు. అడుగున నేలకు ఆనే ఫుట్‌ప్యాడ్, దాని చుట్టూ ఉండే రెక్కల డిస్కు కూడా అరిగే భాగాలే.

ఈ రకానికి గాలి పెద్ద శత్రువు. గొట్టం మీటరు పొడవు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క చీలినా, కీలు వదులైనా పంపు గాలి పీల్చి, కొలనులోకి తిరిగివచ్చే నీటిలో బుడగలు లేస్తాయి. ముక్కలను ఒక్కొక్కటిగా తీసి చూస్తే దోషి దొరుకుతుంది. గొట్టాన్ని చుట్టచుట్టి దాచకూడదు. ఆ వంపు దానికి అలవాటై, క్లీనర్ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంటుంది. క్లీనర్ తీసేసినప్పుడు గోడలోని సక్షన్ రంధ్రాన్ని స్ప్రింగు మూతతో మూయడం ప్రాణాలకు సంబంధించిన విషయం. తెరిచి ఉన్న రంధ్రం పిల్లల జుట్టును, చేతిని పట్టి లాగగలదు.

రోబో రకం

1983లో ఇజ్రాయెల్‌లోని యిజ్రెయేల్ కిబ్బుట్జ్‌లో మొదలైన మైట్రానిక్స్ సంస్థ డాల్ఫిన్ క్లీనర్లు ఈ కోవలోవి. వీటిలో బ్రష్‌లు, బెల్టులు, ట్రాకులు, ఫిల్టర్ బుట్టలు మార్చడం వరకే ఇంటి పని. నీరు చొరకుండా మూసిన మోటారు యూనిట్‌ను, గట్టు మీది పవర్ సప్లై డబ్బాను విప్పకూడదు. నీటిలోకి వెళ్ళేది తక్కువ వోల్టేజే అయినా డబ్బాలోకి వచ్చేది ఇంటి కరెంటే.

నీటి రసాయనాలు, గార

పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే కొత్త భాగాలు ఎక్కువకాలం మన్నుతాయి. మోతాదుకు మించి క్లోరిన్ వేసి షాక్ చేసే రోజున క్లీనర్‌ను బయటికి తీసి నీడలో ఉంచాలి. హైదరాబాద్ వంటి చోట్ల బోరు నీరు కఠినజలం కాబట్టి జెట్‌లలో, బేరింగుల్లో తెల్లటి గార పేరుకుంటుంది. నీళ్ళు కలిపిన వెనిగర్‌లో నానబెడితే అది కరుగుతుంది. ఏ ఆమ్లాన్నీ క్లోరిన్ పొడితో, బిళ్ళలతో కలవనివ్వకూడదు, విషవాయువు పుడుతుంది. గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతాల్లో యంత్రంలోని నీరంతా వంపేసి లోపల దాచకపోతే మంచు వ్యాకోచించి ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది.

తెలుగువారి ఇళ్ళలో

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్టుమెంట్ కొలనుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పొడవాటి కర్రకు బిగించిన వాక్యూమ్ హెడ్‌తో పనివారే శుభ్రం చేస్తారు. ఈ మరమ్మతులతో ఎక్కువ పని పడేది టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్ళలో పెరటి కొలనున్న ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకే. అక్కడ మనిషిని పిలిస్తే అయ్యే కూలి తరచు విడిభాగం ధరను మించిపోతుంది.

బాగుచేయదగనివి

టర్బైన్ కూర్చునే గూడు పగిలినా, ఇరుసులు నాటిన ఫ్రేము చీలినా జిగురు అతుకు నిలవదు. అలాంటి యంత్రాన్ని పారేయకుండా సంచి, జెట్‌లు, గొట్టాన్ని నీటిపై తేల్చే ఫ్లోట్లు, బాగున్న చక్రాలు విప్పి దాచితే అదే నమూనా యంత్రానికి మళ్ళీ పనికివస్తాయి. విడిభాగాలు కొనేటప్పుడు నమూనా సంఖ్య సరిచూసుకోవాలి. పోలారిస్ 360 బూస్టర్ అవసరం లేకుండా నడిచే వేరే నమూనా, 280 భాగాలన్నీ దానికి పట్టవు.