ఎండతో పాట, పాటతో పాఠం



"కరెంటు ఎక్కడి నుంచి వస్తుందిరా?" అని ఒకసారి మా అబ్బాయిని అడిగాను. "గోడలోంచి నాన్నా" అన్నాడు. నవ్వొచ్చింది కానీ అందులో వాడి తప్పేమీ లేదు. మా చిన్నప్పుడు ఊళ్ళో కరెంటు పోతే లాంతరు వెతుక్కునేవాళ్ళం, వస్తే వీధి వీధంతా కేకలు వేసేవాళ్ళం. ఎమిరేట్స్‌లో పెరిగే పిల్లలకు ఆ అనుభవం లేదు. ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, దాని వెనక ఏముందో వాళ్ళకు కనిపించదు.

పర్యావరణం గురించి ఉపన్యాసం ఇస్తే పిల్లలు ఐదు నిమిషాలు కూడా వినరు. అందుకే మేం నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి, ఒక శీతాకాలం శుక్రవారం ఉదయం, ఒక మిత్రుడి విల్లా పెరట్లో సోలార్ కరెంటుతో గంటసేపు పాటల కార్యక్రమం పెట్టాం. బడిలో గానీ, సంఘం తరఫున గానీ ఇలాంటిది చేయదలచిన వారి కోసం ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

పాటే ఎందుకు?

పాటతో పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 1990లో భారత్ జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగి పాటలతో, నాటికలతో అక్షరాస్యతను ప్రచారం చేసింది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలోనూ కళాజాతాలు ఊరూరా తిరిగాయి. అక్కడ చదువుకున్న దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. పాట మనసులో పడితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పెద్ద కచేరీలలోనూ ఈ ప్రయత్నం జరుగుతోంది. 2022లో మొదలైన కోల్డ్‌ప్లే బృందం ప్రపంచ యాత్రలో సోలార్ ప్యానెళ్ళు, తొక్కితే కరెంటు పుట్టే సైకిళ్ళు, జనం గెంతితే కరెంటు పుట్టే నేల వాడారు. ఆ యాత్ర 2025 జనవరిలో అబుధాబికి కూడా వచ్చింది.

కావలసిన సామాను, లెక్క

100 వాట్ల ప్యానెళ్ళు రెండు, చార్జ్ కంట్రోలర్, 12 వోల్టుల 50 ఆంపియర్ అవర్ బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్. వీటితో ఒక కీబోర్డు, మిక్సర్, రెండు స్పీకర్లు నడుస్తాయి. మరీ గట్టిగా పెట్టకపోతే అన్నీ కలిపి సుమారు 110 వాట్లు లాగుతాయి. మృదంగానికి, డప్పుకు, తాళాలకు కరెంటే అక్కర్లేదు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి.

ఇక అసలు పాఠం. గంట కార్యక్రమానికి 110 వాట్ అవర్లు ఖర్చయ్యాయి. టన్నున్నర ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1,500 వాట్లు లాగుతుంది. అంటే మన గంట కచేరీ కరెంటుతో ఏసీ నాలుగున్నర నిమిషాలు కూడా నడవదు! ఈ లెక్కను బోర్డు మీద పిల్లల చేతనే వేయించాం. ఒక పాప "మరి మా ఇంట్లో నాలుగు ఏసీలున్నాయి అంకుల్" అంది. ఆ తరువాత మేం ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం రాలేదు.

పిల్లలే కనిపెట్టిన పాఠం

ఒక చిన్న ప్యానెల్‌ను బ్యాటరీ లేకుండా నేరుగా ఒక బుల్లి స్పీకరుకు కలపండి. ప్యానెల్ మీద పిల్లవాణ్ణి చెయ్యి పెట్టమనండి. పాట ఆగిపోతుంది. చెయ్యి తీస్తే మళ్ళీ వస్తుంది. మా వాళ్ళు దీనితోనే అరగంట ఆడారు.

మేం చేసిన పొరపాటు ఒకటి ఉంది. పెద్ద ప్యానెళ్ళను గోడ పక్కన పెట్టాం. కాసేపటికి గోడ నీడ ఒక మూల పడగానే మీటరులో అంకె బాగా పడిపోయింది. ప్యానెల్లో గళ్ళన్నీ గొలుసులా కలిసి ఉంటాయి కనుక, కొన్నింటి మీద నీడ పడినా మిగతా వాటి మీద ప్రభావం ఉంటుంది. ఇది పిల్లలే కనిపెట్టి ప్యానెళ్ళను జరిపించారు.

మరో సంగతి, ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటి ప్యానెల్ వేడెక్కే కొద్దీ, డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. ఇక్కడి దుమ్మును కూడా తరచు తుడవాలి.

తరువాత చూపించవలసినవి

ఎక్స్‌పో సిటీ దుబాయ్‌లోని టెర్రా భవనానికి 4,912 సోలార్ ప్యానెళ్ళు ఉన్నాయి. అబుధాబి ఎమిరేట్‌లోని స్వైహాన్ దగ్గర 2019లో మొదలైన నూర్ అబుధాబి కేంద్రంలో సుమారు 32 లక్షల ప్యానెళ్ళు ఉన్నాయి. చుక్క ఇంధనం లేకుండా ప్రపంచం చుట్టిన సోలార్ ఇంపల్స్ 2 విమానం 2015 మార్చి 9న అబుధాబి నుంచే బయలుదేరి, 2016 జులై 26న ఇక్కడికే తిరిగి వచ్చింది. ఈ కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. అయితే దేశం కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ సహజవాయువు నుంచే వస్తోందని, సుమారు నాలుగో వంతు బరాకా అణు కేంద్రం నుంచి వస్తోందని కూడా దాచకుండా చెప్పాలి.

జాగ్రత్తలు

నవంబరు నుంచి మార్చి వరకు, ఉదయం పూట మాత్రమే పెట్టుకోండి. బ్యాటరీ, ఇన్వర్టర్ల దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి. పార్కులో గానీ బడిలో గానీ పెడితే ముందుగా అనుమతి తీసుకోండి.

వేసవి ఎండ గురించి పిల్లలకు ఒక మాట చెప్పండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని ఆపాలని ఇక్కడ నియమం ఉంది. ఆ ఎండలో పని చేసే వాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎందరో. మన పిల్లలు ఏసీ గదిలోంచి చూసే ఎండ వాళ్ళకు బతుకుతెరువు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక మా వాడు ఎవరూ లేని గదిలో ఏసీ కట్టేసి వచ్చి, "ఎన్ని పాటలు మిగిలాయి నాన్నా?" అని అడిగాడు. మీరూ ప్రయత్నించి చూడండి. మీ అనుభవాలు మాతో పంచుకోగలరు.