పంటి పురుగు నుంచి పీపీఎం దాకా

ఎండిన నేలములక గింజలను నిప్పుల మీద చల్లి, ఆ పొగను పుచ్చుపంటికి పట్టించే వైద్యం మన పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఉండేది. పొగకు పురుగు చచ్చి రాలుతుందని నమ్మకం. మధ్యయుగాల ఐరోపాలోనూ దాదాపు ఇదే తంతు. అక్కడ వాడింది హెన్‌బేన్ అనే మొక్క గింజలు. విచిత్రమేమంటే ఈ రెండూ వంగ కుటుంబానికి చెందినవే. వేడికి హెన్‌బేన్ గింజ పగిలి, లోపలి మొలక తెల్లగా, వంకరగా బయటికొస్తుంది. నీళ్ళ గిన్నెలో తేలే ఆ మొలకనే వైద్యుడు పురుగని చూపించేవాడు. ఆ మొక్కకు మత్తు గుణం ఉంది కాబట్టి నొప్పి కూడా కాస్త నెమ్మదించేది. నొప్పి తగ్గింది, పురుగు కంటికి కనిపించింది. ఇక నమ్మకపోవడానికి ఏం మిగిలింది?

ఈ పురుగు చాలా పాతది. పురుగు దేవతల ముందు ఏడ్చి, పండ్లు ఇస్తామన్నా కాదని, పళ్ళకూ చిగుళ్ళకూ మధ్య చోటు అడిగిందని బాబిలోనియా మట్టి పలక ఒకటి చెబుతుంది. మన సుశ్రుత సంహిత కూడా దంతరోగాల్లో క్రిమిదంతాన్ని చేర్చింది. అదే గ్రంథం రోజూ పుల్లతో పళ్ళు తోముకోమంది, వేప, చండ్ర, కానుగ వంటి పుల్లలను మెచ్చుకుంది. కారణం విషయంలో పొరపడినవాళ్ళు అలవాటు విషయంలో పొరపడలేదు.

పంటికి రంధ్రం చేసే పని అంతకంటే పాతది. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ శ్మశానంలో తొమ్మిది మంది అస్థిపంజరాల్లో, చెకుముకి మొనతో తొలిచిన పదకొండు పళ్ళు దొరికాయి. వాటి వయసు 7,500 నుంచి 9,000 ఏళ్ళు. తొలిచిన రంధ్రాల అంచులు అరిగి ఉన్నాయంటే, ఆ మనుషులు తర్వాత కూడా ఆ పళ్ళతోనే నమిలారన్నమాట. వైద్యం ఇంత ముందుకెళ్ళినా, పన్ను ఎందుకు పుచ్చుతుందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి వేల ఏళ్ళు పట్టింది.

1683లో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్ళ మీది పాచిని గీకి సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. కదిలే చిన్న చిన్న ప్రాణులు కుప్పలుగా కనిపించాయి. లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి ఉత్తరం రాశాడు. పుచ్చుపళ్ళకు కారకులు కళ్ళ ముందే ఉన్నా వాటికీ పుచ్చుకూ ముడి పెట్టినవారు లేరు. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫొషార్ తన పుస్తకంలో పురుగు సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. సూక్ష్మదర్శినితో వెతికినా ఆయనకు పురుగు కనిపించలేదు. చక్కెర పళ్ళకు చేటని కూడా రాశాడు. కానీ అప్పట్లో చక్కెర కలిగినవాళ్ళ వస్తువు. 1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకం ఎత్తేశాక అది కూలివాడి టీ గ్లాసులోకీ వచ్చింది, దాని వెంటే పుచ్చూ వచ్చింది.

ముడి విప్పినవాడు బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ విలోబీ మిల్లర్. ఆయన ప్రయోగం చూడ్డానికి సాదాసీదాది. ఊడదీసిన పళ్ళను రొట్టె, లాలాజలంతో కలిపి ఒంటి వేడిలో ఉంచాడు. పళ్ళ పైపొర కరగడం మొదలైంది. రొట్టె బదులు కొవ్వు పెడితే ఏమీ కాలేదు. లాలాజలాన్ని ముందే మరిగిస్తే కూడా ఏమీ కాలేదు. అంటే నోట్లోని సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తున్నాయి, ఆ ఆమ్లం పంటి ఖనిజాన్ని కరిగిస్తోంది. 1890లో ఆయన పుస్తకం వచ్చింది. 1924లో క్లార్క్ పుచ్చిన పళ్ళ నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే సూక్ష్మజీవిని వేరుచేస్తే, దాన్ని నలభై ఏళ్ళ దాకా పెద్దగా పట్టించుకోలేదు. 1950ల్లో సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకు చక్కెర ఎంత పెట్టినా పళ్ళు పుచ్చలేదని తేలాకే మిల్లర్ మాటకు తిరుగులేని రుజువు దొరికింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన అధ్యాయం స్వీడన్‌ది. లుండ్ దగ్గరి వీపెహోల్మ్ ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళు ఉండేవారు. 1940ల రెండో సగంలో వాళ్ళకు చక్కెరను రకరకాలుగా పెట్టి పళ్ళు గమనించారు. భోజనంతో పాటు తీసుకున్న చక్కెర పెద్ద నష్టం చేయలేదు. భోజనాల మధ్య, పంటికి అంటుకునే టాఫీలు రోజంతా తిన్నవాళ్ళ పళ్ళు మాత్రం నాశనమయ్యాయి. ఖర్చులో కొంత మిఠాయి కంపెనీలే భరించాయి. పళ్ళు ఏమవుతాయో ముందే చెప్పి వాళ్ళ అనుమతి తీసుకున్నవారు లేరు. ఈనాటి ఏ నైతిక సంఘమూ దీన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయినా తీపి ఎంత తిన్నాం అన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాం అన్నదే ముఖ్యమన్న పాఠం ప్రపంచానికి వాళ్ళ పళ్ళ వల్లే తెలిసింది. స్వీడన్ పిల్లలకు శనివారం ఒక్కరోజే మిఠాయి పెట్టే ఆనవాయితీ ఈ ప్రయోగం తర్వాతే బలపడింది.

ఎన్నిసార్లు తిన్నాం అన్నదాని వెనక లెక్కను అమెరికాలో స్టీఫన్ అనే పరిశోధకుడు అప్పటికే గీసి చూపించాడు. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది, పీహెచ్ 5.5 కిందికి దిగితే పంటి ఖనిజం కరుగుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకో తీపి టీ గుక్కెడు గుక్కెడుగా తాగేవాళ్ళ పళ్ళకు ఆ గంట తీరిక దొరకదు.

పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడు సంగతికొస్తే కథ మన గడపలోకే వస్తుంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన దంతవైద్యుడు మెకే అక్కడి పిల్లల పళ్ళ మీద గోధుమ మచ్చలు చూశాడు. మచ్చలున్న ఆ పళ్ళు పుచ్చడం తక్కువని తర్వాత గమనించాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడని 1931లో తేలింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే మచ్చలు పెద్దగా రావు, పుచ్చూ తగ్గుతుందని డీన్ అనే మరో దంతవైద్యుడు లెక్కతేల్చాడు. 1945 జనవరి 25న గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం తన తాగునీటిలో ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. దానికి ఎనిమిదేళ్ళ ముందే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి షార్ట్, తదితర వైద్యులు ఫ్లోరోసిస్‌పై నివేదిక ఇచ్చారు. ఇక్కడి బావినీళ్ళు పళ్ళ మీద మచ్చలు పెట్టడంతో ఆగలేదు, నడుములు వంచి, కీళ్ళు బిగించాయి. తర్వాత ఇదే జబ్బుతో నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. నీళ్ళ నుంచి ఫ్లోరైడు తీసే పటిక–సున్నం పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు ఆ జిల్లా పేరే పెట్టారు. అమెరికా కలపాలని తర్జనభర్జన పడిన పదార్థాన్ని తీసేయడానికి మనం తంటాలు పడ్డాం. అందుకే అక్కడి వాదనలను యథాతథంగా ఇక్కడికి తేవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

అదృష్టవశాత్తూ తర్వాతి పరిశోధన చిక్కు తేలిక చేసింది. ఫ్లోరైడు ప్రధానంగా పని చేసేది మింగితే కాదు, పంటి పైన ఉంటే. కరిగిపోతున్న ఖనిజం తిరిగి పేరుకోవడానికి అది తోడ్పడుతుంది. ఉమ్మేసే పేస్టుతో ఆ పని జరుగుతుంది కాబట్టి నీళ్ళలో కలపాల్సిన అవసరం మనకు లేదు. మన నిబంధనల ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) మించకూడదు, ఆ అంకె ట్యూబు మీద ముద్రించాలి. మింగేసే వయసు పిల్లలకు బియ్యపు గింజంత చాలు. మీది ఫ్లోరైడు నీళ్ళున్న ఊరైతే, బోరునీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితం దంతవైద్యుడికి చూపించి, పిల్లల పేస్టు సంగతి ఆయన్నే అడగండి.