పురుగుమందుల తాకిడి, క్యాన్సర్ ముందస్తు పరీక్షలు: ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట నుంచి చూస్తే

పైరు మీద కొట్టే మందు మనిషి ఒంట్లోకి ఎంత చేరుతోంది, ఏళ్లు గడిచాక అది క్యాన్సర్‌కు దారితీస్తుందా అని వెతికేది ఒక రకం పరిశోధన. పైకి ఏ బాధా లేని మనిషిలో క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడం ఎలా అని వెతికేది ఇంకో రకం. రెండూ ప్రజారోగ్య శాస్త్రంలోవే. కానీ వాటి పద్ధతులు వేరు, అవి చూసే క్యాన్సర్లు కూడా చాలావరకు వేరు. పల్లెల్లో ఈ రెండింటినీ కలిపి చూడడం తేలిక. పరీక్షల బస్సు వచ్చి వెళ్లి, ఎవరికీ ఏమీ లేదని తేలితే, మందుల భయం కూడా తీరిపోయిందనుకుంటారు. ఆ అనుకోవడం తప్పు. అది ఎందుకు తప్పో తెలియాలంటే రెండు పరిశోధనలనూ విడివిడిగా చూడాలి.

ప్రాంతం, పైర్లు

ఆత్మకూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో, నెల్లూరుకు పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉదయగిరి ఇంకా ఎగువన, వెలిగొండల చెంత, నెల్లూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పెన్న మీద సోమశిల జలాశయం కింద నీరందే చోట వరి పండుతుంది. కాలువ దాటితే మెట్ట. పొగాకు, మినుము, కంది, మామిడి, నిమ్మజాతి తోటలు అక్కడి ఆదరువు. కలిగిరిలోనూ డీసీ పల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి.

ఒక్కో పైరుకు ఒక్కో మందు. వరిలో సుడిదోమకు, కాండం తొలిచే పురుగుకు కొడతారు. మినుములో పల్లాకు తెగులును మోసుకొచ్చే తెల్లదోమకు, నిమ్మలో మంగుకు కొడతారు. పొగాకులో తలలు తుంచాక పిలకలు రాకుండా ఇంకో మందు. ఇవిగాక అన్నిటికీ గడ్డి మందు. సొంత పొలం ఉన్న రైతు తన పైరుకే కొట్టుకుంటాడు. కూలికి కొట్టేవాడు ఈ వారం వరి మడిలో, పై వారం పొగాకు చేలో ఉంటాడు. అందువల్ల ఒక మనిషికి తాకే మందుల జాబితా ఆ ఊరి పైర్లన్నిటి జాబితా అవుతుంది. పరిశోధకుడికి మొదటి చిక్కు ఇక్కడే. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత సమస్య. చుట్టా, బీడీ, నమిలే పొగాకు అలవాట్లు ఉండనే ఉన్నాయి. ఏ జబ్బుకు ఏది కారణమో విడదీయకుండా దేన్నీ మందుల మీదికి నెట్టలేం.

ఒంటికి ఎంత తాకింది

మందు నోట్లోకి పోతేనే ప్రమాదమని చాలామంది నమ్మకం. కొట్టేవాళ్ల ఒంట్లోకి అది ఎక్కువగా చేరేది చర్మం గుండానే. కారే ట్యాంకు, తడిసిన వీపు, ఉత్త చేత్తో కలిపిన మందు, గాలికి ఎదురుగా నడక ఇందుకు దారులు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పత్తి రైతుల మీద ఫ్రాన్సెస్కా మాన్సీని, ఆమె సహచరులు చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మనకు దగ్గరి సాక్ష్యం. 50 మంది మహిళా రైతులు తమకూ తమ ఇంటి మగవాళ్లలో 47 మందికీ మందు కొట్టాక ఏమైందో చెప్పారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతంలో స్వల్పంగానో తీవ్రంగానో విష లక్షణాలు కనిపించాయి. చిక్కటి మందును నీళ్లలో కలపడం, ట్యాంకు నింపి ఇవ్వడం ఆడవాళ్ల పని. ఆ పని మందు కొట్టడమంత ప్రమాదకరమని ఈ అధ్యయనం తేల్చింది. ఆరు శాతం సందర్భాల్లో నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లినవారు ఒక్కరూ లేరు. భూస్వాముల కంటే సన్నకారు రైతులకే ఎక్కువ దెబ్బ తగిలింది. ‘మందు కొట్టేది మగవాళ్లేగా’ అని ఆడవాళ్లను లెక్కలోంచి తీసేసే సర్వే ఏదైనా సగం నిజాన్ని వదిలేసినట్టే.

తాకిడిని కొలవడానికి రెండు పరీక్షలు వాడుకలో ఉన్నాయి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి కాబట్టి దాని స్థాయి చూస్తారు. మూత్రంలో మందు విరిగిన అవశేషాలను కొలుస్తారు. క్లోర్‌పైరిఫాస్, పైరెథ్రాయిడ్ జాతి మందులను ఇలా గుర్తుపట్టవచ్చు. అయితే ఈ అవశేషాలు కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతాయి. అంటే మూత్ర పరీక్ష చెప్పేది ఈ వారం సంగతి. క్యాన్సర్ తయారయ్యేది పది, ఇరవై ఏళ్ల వ్యవధిలో. ఆ పాత కాలాన్ని పట్టుకోవడానికి మనిషి జ్ఞాపకం, దుకాణం బిల్లులు, పైర్ల చరిత్ర తప్ప వేరే దారి లేదు. కూలికి కొట్టేవాడికి మందు పేరే తెలియదు. ‘గుళికలు’ అనో, ఫలానా రంగు డబ్బా అనో చెబుతాడు. అతని మాటను మందు పేరుగా మార్చుకోవడం పరిశోధనలో చిన్న పనేమీ కాదు.

ఏ మందు, ఏ క్యాన్సర్

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో కొన్ని మందులను వర్గీకరించింది. లిండేన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చింది. అది కలిగించేది నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రక్తసంబంధ క్యాన్సర్. మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్, డీడీటీలను క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటిలో చేర్చింది. ఈ వర్గీకరణ చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో. ఎంత తాకితే ఎంత ముప్పో అది చెప్పదు.

అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 1993లో మొదలైన వ్యవసాయ ఆరోగ్య అధ్యయనం సుమారు 89 వేల మందిని, అంటే మందు కొట్టేవాళ్లనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ, ఏళ్ల తరబడి గమనిస్తోంది. రైతుల్లో మొత్తం మీద క్యాన్సర్లు తక్కువే. పొగ తాగేవాళ్లు తక్కువ కావడం ఇందుకు ఒక కారణం. కానీ ప్రొస్టేట్ క్యాన్సర్, కొన్ని రక్తసంబంధ క్యాన్సర్లు ఎక్కువ. గ్లైఫోసేట్ విషయంలో అదే అధ్యయనం 2018లో ఇచ్చిన ఫలితాల్లో మొత్తంగా సంబంధం కనిపించలేదు. పెద్ద సంస్థల మాటలే ఇలా తేడాగా ఉంటే, ఎవరైనా ఒక్క మందు పేరు చెప్పి ‘క్యాన్సర్ దీనివల్లే’ అని ఖాయం చేయడాన్ని అనుమానంగానే చూడాలి.

రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించి మరచిపోలేని సాక్ష్యం కాలిఫోర్నియాది. 1959–67 మధ్య గర్భిణుల నుంచి తీసి దాచిన రక్తాన్ని బార్బరా కోన్ బృందం దశాబ్దాల తర్వాత పరీక్షించింది. 14 ఏళ్లు నిండకముందే డీడీటీ ఎక్కువగా తాకిన స్త్రీలలో 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు అయిదు రెట్లని 2007లో ప్రకటించింది. పెద్దయ్యాక తాకినవారిలో అంత తేడా లేదు. మందు కలిపేటప్పుడు పక్కన నిలబడే ఆడపిల్ల సంగతి ఆలోచించడానికి ఇది చాలు.

మన డబ్బాల మీద ఉండే రంగు త్రిభుజం ఈ ముప్పును చూపదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు అప్పటికప్పుడు ప్రాణం తీసే శక్తిని బట్టి వేసినవి. మలాథియాన్ నీలం వర్గంలోకి వస్తుంది. దాన్ని నిర్భయంగా చేత్తో కలిపే రైతు త్రిభుజాన్ని తప్పుగా చదివినట్టు కాదు. త్రిభుజమే సగం చెబుతోంది.

కేంద్రం 2018లో 18 మందులను నిషేధించింది. డయాజినాన్ వెంటనే ఆగింది. ఫోరేట్, ట్రయాజోఫాస్ వంటివాటికి 2020 డిసెంబరు 31 దాకా గడువిచ్చారు. గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పురుగు నివారణ సిబ్బంది తప్ప ఇతరులు కొట్టకూడదని 2022 అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది. నిషేధం రేపటి తాకిడిని ఆపుతుంది. పాతికేళ్లు కొట్టినవాడి ఒంట్లో జరిగినదాన్ని అది మార్చదు.

ముందస్తు పరీక్షలు ఏం పట్టుకుంటాయి

ఇంటింటికీ తిరిగి నోళ్లు చూసే పరిశోధనకు తెలుగునాట పాత చరిత్రే ఉంది. శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగే అలవాటు మీద పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళాన్ని కూడా కలుపుకొని పొగాకు మాన్పించే పెద్ద అధ్యయనం సాగింది.

తిరువనంతపురం జిల్లాలో నోటి పరీక్షల వల్ల పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. తమిళనాడులోని దిండిగల్‌లో శిక్షణ పొందిన నర్సులు గర్భాశయ ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది, తెల్లబడిన మచ్చల కోసం చూశారు. ఆ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. ఉస్మానాబాద్‌లో 1.31 లక్షల మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో ఒక్కసారి హెచ్‌పీవీ వైరస్ పరీక్ష చేసినా ఆ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి పడిపోయాయి. ముంబయి టాటా మెమోరియల్ వారు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేత రొమ్ము పరీక్ష చేయించి ఇరవై ఏళ్లు గమనించారు. 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఇలాంటి పరిశోధనల నేపథ్యంలో 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించే జాతీయ విధానం 2016లో వచ్చింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. రొమ్ము పరీక్ష 0.9 శాతం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టింది. ఇది ఎంతో అవసరమైన పని.

కానీ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్, నోటి క్యాన్సర్‌కు ప్రధాన కారణం పొగాకు. మందులతో గట్టిగా ముడిపడిన లింఫోమా వంటి వాటిని జబ్బు లేనివారిలో ముందే పట్టే పరీక్షల కార్యక్రమం ప్రపంచంలో ఎక్కడా లేదు. కాబట్టి బస్సులో పరీక్ష బాగుందంటే, మందుల వల్ల ఏమీ కాలేదని అర్థం కాదు. బస్సులో క్యాన్సర్ బయటపడిందంటే, అది మందుల వల్లే వచ్చిందనీ కాదు.

ఒక ఊళ్లో ఎక్కువ కేసులు

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని శాసనసభలో ప్రస్తావన వచ్చింది. వెంటనే వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. ఇలాంటి చోట మొదట వేయవలసింది మామూలు లెక్క. భారత వైద్య పరిశోధన మండలి 2022 అంచనా ప్రకారం దేశంలో లక్ష మందికి ఏటా సుమారు 100 కొత్త కేసులు. అంటే మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో ఏటా మూడు. పదేళ్లకు ముప్పై పేర్లు వినిపించడం అసాధారణం కాదు. అన్నీ ఒకే రకం క్యాన్సరా, చిన్న వయసువారికి వచ్చాయా, ఒకే పని చేసేవారికి వచ్చాయా అన్నవే అసలు ప్రశ్నలు. పంజాబ్‌లోని తల్వండీ సాబో మీద చండీగఢ్ వైద్యులు చేసిన అధ్యయనంలో పోల్చిచూసిన ప్రాంతం కంటే క్యాన్సర్ ఎక్కువే కనిపించింది. వారు కూడా ఒక్క కారణాన్ని వేలెత్తి చూపలేదు.

సమ్మతి

ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన అధ్యయనంలో ఆశ్రమ పాఠశాలల పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. ఆ అధ్యయన కాలంలో కొందరు ఆడపిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా పోయిన నమ్మకం సులువుగా తిరిగి రాలేదు. మెట్టలో రక్తం, మూత్రం అడగబోయేవాళ్లు దేనికి అడుగుతున్నారో తెలుగులో చెప్పి, ఫలితాన్ని ఆ మనిషి చేతిలోనే పెట్టాలి.

రాష్ట్రంలో ప్రకృతి సేద్యం ప్రభావాన్ని కొలిచే ‘బ్లూమ్’ అధ్యయనం, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం భాగస్వామిగా, 80 గ్రామ సముదాయాల్లో మూత్రంలోని మందు అవశేషాలను పరీక్షించేలా రూపొందింది. తాకిడి తగ్గిందో లేదో అది చెబుతుంది. క్యాన్సర్ సంగతి తేలాలంటే ప్రతి రోగి కాగితం మీద పొగాకు అలవాటు పక్కనే వృత్తి, కొట్టిన మందులు, ఎన్నేళ్లు కొట్టారు అన్న మూడు ముక్కలు కూడా ఉండాలి. ఆ మూడూ చెప్పగలిగింది రైతులు, కూలీలే. ఏ ఏడాది ఏ పైరుకు ఏ మందు కొట్టారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆసుపత్రిలో ఎవరూ అడగకపోయినా ఆ పుస్తకం చూపించండి.