కువైట్ చమురు బావుల మంటలు (1991)

గల్ఫ్ యుద్ధంలో ఓడి వెనక్కి మళ్లుతూ ఇరాక్ సైన్యం 1991 ఫిబ్రవరి నాటికి కువైట్‌లోని చమురు బావులను పేల్చేసింది. 700కు పైగా బావులు దెబ్బతినగా, వాటిలో 600కు పైగా అంటుకున్నాయి. మరికొన్ని మంట లేకుండానే చమురు చిమ్మి ఇసుకలో మడుగులు కట్టాయి. పొగ అడ్డంపడి శత్రు విమానాలకు గురి దొరకదన్న లెక్క ఉంటే ఉండొచ్చు. కానీ జరిగింది మాత్రం పోతూ పోతూ పొరుగువాడి కొంపకు నిప్పు పెట్టడమే.

ఇరాక్ 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించిన నాటి నుంచే జనం కష్టాలు మొదలయ్యాయి. పొట్టకూటికి వెళ్లిన భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్ష మందికి పైగా స్వదేశానికి చేర్చాయి. వారిలో కడప, గోదావరి జిల్లాల వలస కూలీలూ ఉన్నారు. దాచుకున్నదంతా అక్కడే వదిలి కట్టుబట్టలతో వచ్చినవారు చాలామంది.

మంటల కాలంలో కువైట్‌లో మిట్టమధ్యాహ్నం కూడా కార్లకు లైట్లు వేసుకుని వెళ్లాల్సి వచ్చిన రోజులున్నాయి. పొగ కమ్మిన చోట ఎండ నేలను తాకక పగటి వేడి తగ్గింది. మసి, చమురు తుంపరలు ఇసుకతో, గులకరాళ్లతో కలిసి గట్టిపడి, తారు రోడ్డు పరిచినట్టు ఎడారి నేలను కప్పేశాయి. చమురు మడుగులు పైనుంచి చూస్తే నీళ్లలాగే మెరిసేవి. దప్పికతో దిగిన వలస పక్షులు, తూనీగలు అందులోనే ఇరుక్కుపోయాయి.

సముద్రం పరిస్థితి ఇంకా ఘోరం. చాలా బావులు అంటుకోకముందే, జనవరిలో కువైట్‌లోని మీనా అల్ అహ్మదీ రేవు దగ్గర ఇరాక్ సైన్యం ముడిచమురును గల్ఫ్‌లోకి వదిలింది. అది 40 లక్షల పీపాలని ఒక అంచనా, కోటికి పైగా అని మరొకటి. తెట్టు దక్షిణానికి కొట్టుకుపోయి సౌదీ తీరాన్ని వందల కిలోమీటర్ల మేర నల్లగా చేసింది. చమురంటిన నీటికాకి ఈకలు అతుక్కుపోతాయి, చలినీరు ఒంటికి తగులుతుంది. ముక్కుతో దులుపుకోబోతే విషం కడుపులోకి దిగుతుంది. అలా చచ్చిన పక్షులు 30 వేల దాకా ఉంటాయని అంచనా. తీరంలోని ఉప్పు పర్రల్లో పీతల బొరియల గుండా చమురు లోతుకు ఇంకింది. పైన శుభ్రంగా కనిపించిన చోట కూడా ఏళ్ల తర్వాత తవ్వితే బయటపడింది.

మంటలార్పడానికి బావి దగ్గరికి వెళ్లాలంటే ముందు మందుపాతరలు ఏరాలి. ఎడారిలో నీళ్లు లేవు కనుక, చమురును రేవుకు మోసిన గొట్టాల్లోనే సముద్రపు నీటిని వెనక్కి తోడారు. హంగేరీ బృందం పాత యుద్ధ ట్యాంకు మీద రెండు మిగ్-21 యుద్ధ విమాన ఇంజన్లు బిగించి, వాటి గాలి విసురుకు నీళ్లు కలిపి మంటలను ఊదేసింది. ఏళ్లు పడుతుందనుకున్న పని ఎనిమిది నెలల్లో ముగిసింది. చివరి బావి నవంబరు 6న ఆరింది. ఆ తర్వాత పదేళ్లకు, 2001లో, యుద్ధాల్లో పర్యావరణాన్ని పాడుచేయకుండా చూసేందుకు ఐక్యరాజ్యసమితి అదే తేదీని అంతర్జాతీయ దినంగా ప్రకటించింది.

పర్యావరణ నష్టానికీ ఇరాకే బాధ్యత వహించాలని భద్రతామండలి 687వ తీర్మానం తేల్చింది. అన్ని రకాల నష్టాలకూ కలిపి ఇరాక్ 5,240 కోట్ల డాలర్లు కట్టింది. చివరి వాయిదా 2022 జనవరిలో ముట్టింది. కువైట్‌లో చమురు ఇంకిన మట్టిని తవ్వి శుద్ధి చేసే పని అప్పటికీ సాగుతూనే ఉంది.